చలికాలపు దగ్గు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలు సముద్రమట్టమునకు సుమారు రెండువేల అడుగుల యెత్తున నున్నవి. కావున మార్గశిర పుష్యమాసములందు ఇచ్చటి వేకువలు మిక్కిలి చల్లనివి. టమాటా తోటకు రాత్రివేళ నీరు గట్టు రైతునకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంటింట దగ్గు వినబడును. "చలిదగ్గు, సంక్రాంతి వెళ్లిన అదియే పోవును" అని యూరకుందుము. చాలవఱకు పోవును గూడ. పోని దగ్గును గూర్చియే మా విన్నపము.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల చికిత్సాలయము వెలసినది. 1948లో బి.సి.జి. టీకా మన దేశమున మొదలైనదియు మదనపల్లెలోనే. దూరప్రాంతముల రోగులు వెదకికొని వచ్చిన తావున కాపురముండియు, రెండు నెలల దగ్గును మనము చలిపైకి ద్రోయుట వింత గాదా! ఆవు ఒకపూట మేత విడిచినచో పశువైద్యునికై పరుగిడుదుము; ఇంటి పెద్ద దగ్గుచున్న దినములను మాత్రము లెక్కింపము. క్షయ చలివలన పుట్టదు. రోగి దగ్గినపుడు సూక్ష్మజీవులు గాలిలో వ్యాపించి యితరులకు సోకును. చలికి వెఱచి తలుపులు బిగించి, ఒకే గదిలో అందఱును పండుకొనుట దానికి అనుకూలము.

కావున దగ్గు మొదలైన దినమును గోడ క్యాలెండరుపై గుర్తింపుడు. రెండు వారములు నిండినను తగ్గనిచో కఫము పరీక్ష చేయింపుడు. ప్రభుత్వాసుపత్రులలో క్షయకు పరీక్షయు మందులును ఉచితము. సాధారణముగ ఆరు నెలలు మందు వాడవలెను. దగ్గు తగ్గినదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును, పిమ్మట ఆ మందులకు లొంగకపోవచ్చును. పాలకేంద్రము కడ సభ్యులు వేచియుండు వేళ "మీ యింట దగ్గు ఎన్నవ దినము?" అని ఒకరినొకరు అడిగికొనుట మంచిది.

పసిబిడ్డల యెడ రెండు వారములు కాచుకొనరాదు. దగ్గుచున్న బిడ్డ ఏడ్వక నెమ్మదిగా నున్నపుడు, గడియారము చూచుచు ఒక నిండు నిమిషము ఊపిరులు లెక్కింపుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40 చేరినను, బిడ్డ డొక్క లెగురవేసినను, పాలు విడిచినను ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సాంబ్రాణి పొగ వేయుట మేలు గాదు, కీడే.

ఇక కుంపటి. పట్టుపురుగుల గదిని వెచ్చబఱచుటకు బొగ్గుల కుంపటి పెట్టి, అచ్చటనే నిద్రించు వారున్నారు. మూసిన గదిలో దానినుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు. నిదురలోనే ప్రాణము తీయును. గదిలోని వారికందఱికి ఒకేసారి తలనొప్పి, వాంతి కలిగినచో వెంటనే బయటి గాలికి చేర్చి వైద్యుని కడకు గొనిపోవలెను. కుంపటి యున్న గదిలో ఎవ్వరును పండుకొనరాదు. కిటికీ కొంత తెఱచి యుంచవలెను. చలిమంట కడ ఒడలు కాలినచో సిరా, పేడ, పళ్లపొడి పూయక, ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికి చూపుడు.