ట్రంకు రోడ్డు అడిగే ప్రశ్న

కావలి ట్రంకు రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. ఫొటోలు తీసేవాడికి ఈ ఊరి గురించి ముందు తెలియాల్సింది ఇదే. పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచి వచ్చి పడమటి వరస అంగళ్ల మొహాన పడుతుంది. షట్టర్లు ఎత్తేవాళ్లు, వాకిట్లో నీళ్లు చల్లేవాళ్లు, గల్లాపెట్టెకు సాంబ్రాణి పట్టేవాళ్లు అందరూ వెలుగులో ఉంటారు. సాయంత్రం తూర్పు వరసది వంతు. నడుమ, అందులోనూ ఎండాకాలం తొమ్మిది దాటాక, కెమెరా సంచిలో పెట్టుకుని టీ తాగడం మేలు. ఒకప్పుడు మద్రాసు, కలకత్తా లారీలన్నీ ఊరి నడిబొడ్డునుంచే పోయేవి. అవి బైపాస్ ఎక్కాక రోడ్డు మళ్లీ ఊరివాళ్లదైంది. ఇప్పుడది ఆటోలది, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకున్న స్కూటీలది, రోడ్డు మధ్యలో బండ్లాపి మాట్లాడుకునే మిత్రులది.

చెప్పకుండా తీయడమే వీధి ఫొటోగ్రఫీలో మొదటి సూత్రం అంటారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసా తన లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్లటేపు అంటించుకునేవాడు. నేను ఈ పని నేర్చుకున్నది ఉద్యోగానికి బెర్లిన్ పోయాక. అక్కడ టేపుతో పనిలేదు. మెట్రోలో పక్కన కూర్చున్న మనిషి దిగిపోయేదాకా మనల్ని పలకరించడు. ఆదివారం అంగళ్లు మూసేస్తారు. ఆ ఖాళీ వీధుల్లో చెత్తడబ్బాలు వెతుక్కుంటూ సీసాలు ఏరే ముసలాయన కనబడతాడు. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి. ధనికదేశంలో పింఛను చాలని బతుకు ఎట్లా ఉంటుందో ఆయన సంచి చూస్తే తెలుస్తుంది. ఆ ఫొటో నా దగ్గరుంది. ఎక్కడా ప్రచురించలేదు. ఆయన్ని అడక్కుండా ప్రచురించే హక్కు నాకుందని కూడా అనుకోను.

జర్మనీలో ఈ సంగతి మనిషి మర్యాదకు వదిలేయలేదు. 1898లో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆ ఇంట్లోకి దూరి శవాన్ని ఫొటో తీశారు. ఆ రచ్చ ముదిరి ముదిరి, 1907లో ఒక చట్టం వచ్చింది. కొన్ని మినహాయింపులు తప్పిస్తే, మనిషి అనుమతి లేకుండా అతని బొమ్మ ప్రచురించకూడదు. ఆ చట్టానికి నేటికీ పదును తగ్గలేదు. ఎస్పెన్ ఐఖ్‌హోఫర్ అనే ఫొటోగ్రాఫర్ బెర్లిన్‌లో రోడ్డు దాటుతున్న ఒకామెను తీసి, 2013లో ప్రదర్శనలో భాగంగా ఆ ఫొటోను వీధిలో పెద్ద బోర్డు మీద పెట్టాడు. ఆమె కోర్టుకెక్కింది. వీధి ఫొటోగ్రఫీ కళేనని 2018లో రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకుంది. అయినా ఆమెను అంత పెద్దగా నడివీధిలో నిలబెట్టడం మాత్రం సరికాదన్న కింది కోర్టుల తీర్పును కొట్టేయలేదు.

ఈ కథ కావలిలో చెబితే నవ్వుతారు. నడివీధిలో బోర్డెక్కడానికి ఇక్కడ మనమే ఎదురు డబ్బులిస్తాం. పుట్టినరోజు, ఓణీల ఫంక్షన్, అయ్యప్ప మాల, వర్ధంతి, దేనికైనా సెంటర్లో ఫ్లెక్సీ లేవాల్సిందే. నడుమ నల్లద్దాల్లో నాయకుడు, కింద రెండు వరసల్లో పాస్‌పోర్ట్ సైజు అభిమానులు. అందులో తన మొహం చిన్నదైందని అలిగేవాళ్లు కూడా ఉంటారు.

రంగుల సంగతికొస్తే, బెర్లిన్ చలికాలాన్ని నలుపు తెలుపుల్లో తీయొచ్చు. ఎట్లాగూ అందరి కోట్లూ నల్లవే. కావలిని అట్లా తీస్తే అబద్ధమాడినట్టే. జైపూరులో పుట్టి పారిస్, లండన్, న్యూయార్క్‌లలో కాపురమున్న రఘుబీర్ సింగ్, పేరున్న ఫొటోగ్రాఫర్లు రంగును చిన్నచూపు చూసే రోజుల్లోనే మన దేశపు వీధుల్ని రంగుల్లో తీశాడు. ఇక్కడి బతుకులోంచి రంగును తీసేయలేమన్నది 1999లో పోయేదాకా ఆయన పట్టుదల. ఫ్లెక్సీ కింద పసుపుపచ్చ ఆటో, దాని వెనక కనకాంబరాల గంప చూసినప్పుడు ఆయన మాట ఒప్పుకోక తప్పదు.

అయితే కావలిలో అసలు చిక్కు రంగు కాదు. చాటు దొరకదు. కెమెరా బయటికి తీసీతీయకముందే ప్రశ్నలు మొదలవుతాయి.

“ఏ పేపరబ్బయ్యా?”

“మున్సిపాలిటీ నుంచి వచ్చుండావా? రోడ్డు ఎడల్పు చేస్తారంటనే?”

కాదని చెబితే అసలు ప్రశ్న వస్తుంది. “ఎవురబ్బాయివి?” తాత పేరు, వీధి పేరు, అమ్మావాళ్ల ఊరు దాకా పోయి, చివరికి ఎక్కడో ఒక చుట్టరికం తేలాకగానీ మనల్ని వదలరు. ఆ తర్వాత చొక్కా సర్దుకుని, నవ్వు ఆపేసి, ఫొటోకు నిలబడతారు. ఆ ఫొటో తీయాలి, తీసి చూపించాలి. అది వాళ్లది. రెండో టీ నాటికి మనం బెంచీలాగే అంగట్లో ఒక సామానైపోతాం. అప్పుడు బేరం మళ్లీ సాగుతుంది, అరువు అడిగినవాడి మీద కేకలు లేస్తాయి. నాకు కావలసిన ఫొటో అప్పుడు దొరుకుతుంది. పరాయి ఊళ్లో చూపు కలవకముందు తీసే ఫొటోను, ఇక్కడ మాట కలిశాక తీయాలి. నా మట్టుకు నాకు ఈ పద్ధతే నచ్చింది.

అడిగే హక్కు ఈ ఊళ్లో అందరికీ ఎప్పుడూ లేదు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన బ్రిటిషు చట్టం కింద, 1912లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కావలిలో సెటిల్‌మెంట్ పెట్టింది. 1914 నుంచి దాన్ని శామ్యూల్ బాడెన్ అనే అమెరికన్ పాదిరి నడిపాడు. బడి ఉండేది, పని ఉండేది. వాటితోపాటు వేలిముద్రలు, హాజరు పట్టీ, చెప్పకుండా గడప దాటకూడదన్న కట్టడి ఉండేవి. దేశంలో ఆ చట్టం రద్దయింది 1952లో. ఇక్కడ అది ఉన్నన్నాళ్లూ ఎవరు, ఎక్కడికి అని అడిగినవాళ్లు ఒకవైపే ఉన్నారు. అవతలివైపు నిలబడ్డవాళ్లకు తిరిగి అడిగే వీల్లేదు. అందుకే కెమెరా మెళ్లో వేసుకున్నవాణ్ని టీ అంగడి ముసలాయన నిలదీస్తే నాకు విసుగు రాదు. విప్లవ కవి కె.వి. రమణారెడ్డి జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పిన ఊరు ఇది. ప్రశ్నకు ఇక్కడ కరువుండకూడదు.

ఊరికి తూర్పున తుమ్మలపెంట తీరం. తెల్లవారుజామున పడవల వెనక సూర్యుడు లేస్తాడు గనుక మొహాలన్నీ నల్లగా పడతాయి. అందరూ తీసేది ఆ ఫొటోనే, పెళ్లి వీడియోలవాళ్లతో సహా. సముద్రానికి వీపుపెట్టి నిలబడితే మనుషులు కనబడతారు. తాడు లాగేవాళ్లు, వలలోంచి పీతలు విడదీసే పిల్లలు, గంపలతో కాచుక్కూర్చున్న ఆడవాళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకునే వేళ్లను తీరిగ్గా తీయొచ్చు. ఉత్తరాన రామాయపట్నం ఓడరేవుకు 2022లో శంకుస్థాపన జరిగింది. ఈ తీరాన్ని ఇట్లా ఉండగానే తీసుకోవాలన్న తొందర నాకు అందువల్లే.

మొన్న అక్కడ చేపలు తూచే ఒకామెను, ఆమె చూడట్లేదనుకుని తీశాను. తక్కెడ మీదనుంచి తల ఎత్తకుండానే అడిగింది.

“ఫొటో తీసినోడివి ఊరికే పోతావా ఏంది? కేజీ నెత్తళ్లు ఏయించుకో.”

“ఎంతక్కా?”

“తీసింది ముందు చూపించు. బాగుంటే తగ్గిస్తా.”