ఆయాసం, కాళ్ళవాపు: ఊదే పరీక్ష ఏం చెబుతుంది?

నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల పట్టీ ముద్ర పడుతుంది. చాలా ఇళ్ళలో దీన్ని "ఒంటికి నీరు పట్టింది" అని సరిపెట్టుకుని, మందుల షాపులో నీరు తీసే మాత్ర అడిగి తెచ్చుకుంటారు. ఇది ప్రమాదం. నీరు పట్టడం జబ్బు కాదు, జబ్బు లక్షణం. వాపు తీసినంత మాత్రాన అసలు జబ్బు పోదు. పైగా ఆ మాత్రల్లో చాలావాటివల్ల రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు.

ఊదే పరీక్ష

ఆయాసానికి కారణం తెలుసుకోవడానికి డాక్టరు రోగిచేత ఒక గొట్టంలోకి ఊదిస్తారు. దీన్నే స్పైరోమెట్రీ అంటారు. 1846లో జాన్ హచిన్‌సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ పరికరాన్ని వైద్యలోకానికి పరిచయం చేశాడు. నొప్పి ఉండదు. ఊపిరి నిండా గాలి పీల్చి, పెదవులు గొట్టం చుట్టూ బిగించి, ఒక్కసారిగా బలంగా, చివరికంటా ఊదాలి. కనీసం మూడుసార్లు ఊదిస్తారు. మొహమాటపడి మెల్లగా ఊదితే ఫలితం తప్పుగా వస్తుంది.

ముఖ్యంగా చూసేది రెండు అంకెలు: ఊదిన మొత్తం గాలి, అందులో మొదటి సెకనులో వచ్చిన గాలి. మొత్తం 3 లీటర్లలో మొదటి సెకనుకే 2.4 లీటర్లు వస్తే 80 శాతం, మంచిదే. 1.5 లీటర్లే వస్తే 50 శాతం. గాలి గొట్టాలు ఇరుకైనాయన్నమాట. మందు పీల్పించి మళ్ళీ ఊదిస్తారు. బాగా మెరుగైతే ఉబ్బసం కావచ్చు. అప్పటికీ 70 శాతం దాటకపోతే, బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగల వల్ల వచ్చే దీర్ఘకాలపు జబ్బును అనుమానిస్తారు.

శాతం బాగానే ఉండి మొత్తం గాలే తగ్గితే, ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోవడం లేదేమోనని చూడాలి. వాటి చుట్టూ నీరు చేరినా ఇలా కావచ్చు. మామూలుగా అక్కడ రెండు మూడు చెంచాల నీరే ఉంటుంది. క్షయ, న్యుమోనియా, కాన్సర్, గుండె బలహీనతల్లో అది పెరుగుతుంది. నీరుందని తేల్చేది ఎక్స్‌రే, స్కానింగు. ఎందుకు చేరిందో తెలియాలంటే సూదితో కొంచెం తీసి పరీక్షించాలి.

వాపు ఎక్కడ?

బొటనవేలితో కాలి ఎముకపై కాసేపు నొక్కండి. గుంట నిలిస్తే నీరు చేరినట్టే. సాయంత్రానికి రెండు పాదాలూ వాచి, పడుకుంటే ఆయాసం వస్తే గుండెను చూపించుకోవాలి. తెల్లవారి లేచేసరికి కళ్ళచుట్టూ ఉబ్బితే మూత్రపిండాలను, పొట్టలో నీరు చేరితే కాలేయాన్ని అనుమానించాలి. కొన్ని రక్తపోటు మాత్రలవల్ల కూడా పాదాలు వాస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు ఏళ్ళ తరబడి ఉంటే గుండె కుడిభాగం అలసిపోయి కాళ్ళకు నీరు దిగుతుంది. అందుకే కాళ్ళవాపుతో వెళ్ళినా డాక్టరు ఊదే పరీక్ష చేయించవచ్చు.

రోజూ ఉదయం ఒకే వేళకు బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరే. వెంటనే డాక్టరుకు చెప్పండి. ఒకే కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, దానికి ఆయాసం తోడైనా, ఒక్క పూట కూడా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి.