వెన్న పేస్ట్రీ వాసన (పరిమళ ద్రవ్యాలు)

వెన్న పేస్ట్రీ వాసన అనేది పరిమళ ద్రవ్యాల తయారీలో వాడే ఒక నోట్. వెన్న కలిపిన గోధుమపిండి ఓవెన్‌లో కాలుతున్నప్పుడు వచ్చే కమ్మని వాసనను ఇది తలపిస్తుంది. నోట్ అనే మాటను సుగంధకారులు సంగీతం నుండి తెచ్చుకున్నారు. స్వరాలు కలిసి రాగమైనట్లే నోట్లు కలిసి సెంటు అవుతుందని వారి భావన. తినుబండారాలను గుర్తుకు తెచ్చే సెంట్లను గుర్మాండ్ పరిమళాలు అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు భోజనప్రియుడు అని అర్థం. విశేషమేమంటే ఇటువంటి సీసాలలో సాధారణంగా వెన్న చుక్క కూడా ఉండదు.

వాసన పుట్టే విధానం

పెరుగు చిలికి తీసిన వెన్నకు ప్రత్యేకమైన వాసననిచ్చే పదార్థాలలో ముఖ్యమైనది డైఎసిటైల్. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవులలో కొన్ని, పాలలోని సిట్రేట్ నుండి దీనిని తయారు చేస్తాయి. పులియబెట్టని మీగడ నుండి నేరుగా తీసిన వెన్నలో ఇది తక్కువ. వెన్నకు వేడి తగిలినప్పుడు అందులోని కొవ్వు నుండి లాక్టోన్లు అనే పదార్థాలు పుడతాయి. డెల్టా-డెకాలాక్టోన్ వీటిలో ఒకటి. వెన్న కాచి నెయ్యి చేసేటప్పుడు ఇల్లంతా కమ్ముకొనే వాసనలో లాక్టోన్ల పాత్ర పెద్దది. కనుక క్రోసాన్ ఎన్నడూ తినని తెలుగు పాఠకునికి కూడా ఈ వాసనలో సగం పరిచితమే.

మిగిలిన సగం పిండిది. క్రోసాన్ వంటి పేస్ట్రీలలో పిండిని, వెన్నను పొరలు పొరలుగా మడుస్తారు. వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది. ఆ నీరు, పిండిలోని నీరు ఆవిరై పొరలను విడదీస్తాయి. తడి ఉన్నంతవరకు లోపలి భాగం వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. పైపొర మాత్రం తడి ఆరి 140 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేగంగా కలిసి ముదురు రంగునూ అనేక వాసనలనూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో వివరించిన ఈ ప్రక్రియను మయార్ చర్య అంటారు. ఇందులో పుట్టే పైరజీన్లకు వేయించిన వేరుశనగల వాసన ఉంటుంది. రొట్టె పైపొర వాసనకు ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్. బాస్మతి బియ్యపు సువాసన కూడా దీనిదే. వండిన అన్నంలో దీనిని 1980ల తొలి సంవత్సరాలలో గుర్తించిన రసాయనవేత్తలలో ఒకరి ఇంటిపేరు బటరీ, అనగా ఇంగ్లీషులో వెన్నవంటిది అని అర్థం!

సీసాలోకి ఎక్కించడం

ఈ పదార్థాలను నేరుగా కలిపితే సరిపోదా అన్న సందేహం రావచ్చు. డైఎసిటైల్ 88 డిగ్రీల వద్దనే మరిగే ద్రవం, చర్మంపై ఎంతోసేపు నిలవదు. పైన చెప్పిన పైరోలిన్ శుద్ధ రూపంలో త్వరగా చెడిపోతుంది. వెన్నలోని బ్యూటిరిక్ ఆమ్లం మోతాదు కాస్త మించితే ముక్కిపోయిన వెన్న వాసన, మరికాస్త మించితే వాంతి వాసన వస్తుంది. అందుచేత నిలకడ గల ఇతర పదార్థాలతో ఈ వాసనను కడతారు. వెనిలిన్ (1874లో జర్మనీలో టీమన్, హార్మన్ కృత్రిమంగా తయారు చేశారు), పీచు మిఠాయి వాసన గల ఈథైల్ మాల్టాల్, కూమరిన్, లాక్టోన్లు, అతి స్వల్పంగా పైరజీన్లు ఇందులో వాడుకలో ఉన్నాయి. అడుగున చందనం చేరిస్తే పాలమీగడ వంటి మెత్తదనం ఎక్కువసేపు నిలుస్తుంది.

గెర్లాన్ సంస్థ 1889లో విడుదల చేసిన జికీలోనే వెనిలిన్ ఉంది, కాని అది తిండిని గుర్తుచేసే సెంటు కాదు. 1992లో వచ్చిన తియరీ మ్యుగ్లేర్ వారి ఏంజెల్‌తో గుర్మాండ్ తరగతి ప్రసిద్ధి పొందింది. అందులో ప్రధానమైనది మిఠాయి తీపి. జాన్ క్లోద్ ఎలెనా రూపొందించిన బ్వా ఫరీన్ (2003) పిండి వాసనను, సెర్జ్ లుతాన్స్ వారి జ్యో ద పో (2011) వెన్న రాసి కాల్చిన రొట్టె వాసనను పట్టుకున్నాయి. వీటి గొప్పతనం తీపిని అదుపులో ఉంచడమే. చక్కెరను చూపడం తేలిక, వెన్నలోని కొద్దిపాటి పులుపునూ మాడీమాడని అంచునూ చూపడం కష్టం.

ఆరోగ్య సమస్య

డైఎసిటైల్ తిన్నప్పటికంటే, దాని ఆవిరిని పీల్చినప్పుడే ఎక్కువ ప్రమాదం. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసిన 8 మందికి ఊపిరితిత్తులలోని సన్నని వాయునాళాలు మూసుకుపోయే నయంకాని వ్యాధి ఉన్నట్లు ఒక వైద్యుడు అధికారులకు తెలియజేశాడు. వెన్న రుచి కోసం కలిపే ద్రవపు ఆవిరిని వారు రోజూ పీల్చేవారు. 2002లో ఈ పరిశోధన ఫలితాలు ప్రచురితమయ్యాయి. పాప్‌కార్న్ లంగ్ అన్న పేరు అప్పటి నుండి ప్రచారంలోకి వచ్చింది. 2016లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ, పనిచేసే చోట గాలిలో డైఎసిటైల్ సగటున వంద కోట్ల భాగాలలో 5 భాగాలు మించరాదని సిఫారసు చేసింది. సెంటు చల్లుకొనేవారికంటే దానిని పీపాలలో కలిపేవారికి ఈ హెచ్చరిక ముఖ్యం. డైఎసిటైల్ బదులు కొందరు వాడిన 2,3-పెంటేన్‌డయోన్ కూడా జంతువులపై పరీక్షలలో అటువంటి హానినే చేసింది. దానికి సిఫారసు చేసిన పరిమితి 9.3 భాగాలు.