ఫైలుకు నుదుటిరాత

మార్క్‌డౌన్ ఫైళ్లను టెంప్లేట్లలో పొదిగి, వెబ్ పేజీలను ముందే తయారుచేసి పెట్టే ప్రోగ్రామే స్టాటిక్ సైట్ జనరేటర్. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో శీర్షికలకూ జాబితాలకూ లింకులకూ గుర్తులున్నాయి. కానీ వ్యాసం ఏనాటిది, ఏ విభాగంలోకి వస్తుంది, ఏ టెంప్లేట్‌లో కనిపించాలి అనేవి చెప్పే వీలు లేదు. ఆ వివరాలను ఫైలు నెత్తిన రాసే భాగమే ఫ్రంట్ మ్యాటర్. పుస్తకంలో అసలు పాఠానికి ముందుండే పుటలకు అచ్చు రంగంలో ఉన్న పేరే దీనికీ వచ్చింది.

2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూపొందించిన జెకిల్ అనే జనరేటర్‌తో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ఫైలు మొదటి వరుసలోనే మూడు అడ్డగీతలు (---) ఉండాలి. వివరాలు ముగిశాక మళ్లీ అవే గీతలు. నడుమ యామల్ అనే రాత పద్ధతిలో వరుసకొకటిగా వివరాలు: ముందు టైటిల్, డేట్, లేఅవుట్ వంటి కీ, తర్వాత కోలన్, ఒక ఖాళీ, ఆపై విలువ. 2013లో వచ్చిన మరో జనరేటర్ హ్యూగో, యామల్‌తో పాటు జేసన్, మూడు ప్లస్ గుర్తుల (+++) మధ్య రాసే టామల్ అనే పద్ధతులనూ అంగీకరిస్తుంది.

జనరేటర్ ముందుగా ఫ్రంట్ మ్యాటర్‌ను విడదీసి, విలువలను గుర్తుపెట్టుకుంటుంది. మిగతా పాఠాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. టెంప్లేట్ ఆ విలువలతో శీర్షికనూ తేదీనీ నింపుతుంది. ట్యాగుల జాబితాలూ వాటి నుంచే పుడతాయి. హ్యూగోలో 'డ్రాఫ్ట్' కీకి 'ట్రూ' అని ఇస్తే, ప్రత్యేకంగా అడిగితే తప్ప ఆ పేజీ తయారుకాదు. రాబోయే తేదీ వేసిన పేజీకీ అదే గతి. రాసిన వ్యాసం సైట్‌లో కనిపించకపోతే మొదట చూడాల్సినవి ఈ రెండే.

తప్పులు ఎక్కువగా చిన్న గుర్తుల దగ్గరే దొర్లుతాయి. టైటిల్ కీ ఎదుట గోదావరి: ఒక పరిచయం అని రాస్తే, రెండో కోలన్‌ను యామల్ మరో కీకి గుర్తుగా తీసుకుని తప్పు చూపుతుంది. "గోదావరి: ఒక పరిచయం" అని కొటేషన్ గుర్తుల్లో పెడితే సరిపోతుంది. యామల్ 1.1 ప్రకారం ఇంగ్లిష్‌లో 'నో' అనే విలువ మాట కాదు, 'ఫాల్స్'. నార్వే దేశ సంకేతమూ అవే రెండక్షరాలు కాబట్టి దానికీ కొటేషన్లు తప్పవు. లోపలి వరుసలను జరపడానికి ట్యాబ్ పనికిరాదు, స్పేస్‌లే వాడాలి. తెలుగు శీర్షికలున్న ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచాలి. అయితే కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో చేర్చే బీఓఎమ్ అనే కంటికి కనిపించని గుర్తు ఉండకూడదని జెకిల్ మార్గదర్శకాలు హెచ్చరిస్తాయి. మొదటి గీత కన్నా ముందు ఏదీ ఉండరాదన్న నియమం దానికీ వర్తిస్తుంది.