ఓటు కావాలా? వీటో మాట ఇవ్వండి!
* ప్రధాని మెడలు వంచిన ఐర్లాండ్ రైతులు
* హామీ దక్కింది.. ఓట్లే రాలలేదు

2008 ఏప్రిల్ 17. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వీధులు రైతులతో కిక్కిరిశాయి. ఐరోపా కమిషన్ అధ్యక్షుడు బరోసో ఆ రోజు నగరంలోనే ఉన్నారు. రైతుల కోపం మాత్రం వాణిజ్య కమిషనర్ పీటర్ మాండెల్సన్ మీద. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా తరఫున బేరాలాడుతున్నది ఆయనే. సుంకాలు తగ్గిస్తే బ్రెజిల్ మాంసం చౌకగా వచ్చి పడుతుందని, తమ పశువుల కొట్టాలు ఖాళీ అవుతాయని వాళ్ల భయం.

రెండు నెలల్లో దేశంలో ఓటింగ్ ఉంది. అది ఎన్నిక కాదు. 27 దేశాల ఐరోపా సమాఖ్య నడిచే తీరును మార్చే లిస్బన్ ఒప్పందంపై ప్రజాభిప్రాయ సేకరణ. ఒక్క దేశం కాదన్నా ఒప్పందం అమల్లోకి రాదు. మిగతా 26 దేశాలూ పార్లమెంట్లలోనే పని కానిచ్చేస్తుంటే ఐర్లాండ్ ఒక్కటే జనం ముందుకు వెళ్లింది.

రైతు వేసిన కేసు

దీని వెనకా ఓ రైతు ఉన్నారు. కిల్కెన్నీ ప్రాంతంలో ఏళ్ల తరబడి సేద్యం చేసి, తర్వాత ఆర్థికవేత్తగా మారిన రేమండ్ క్రాటీ. ప్రజలను అడక్కుండా ఐరోపాకు అధికారాలు అప్పగించడం కుదరదంటూ కోర్టుకెక్కారు. 1987లో సుప్రీంకోర్టులో గెలిచారు. అప్పట్నుంచి ఇలాంటి పెద్ద ఒప్పందాలకు జనం ఓటు తప్పనిసరైంది. 21 ఏళ్ల తర్వాత రైతు సంఘానికి అదే ఆయుధమైంది.

సబ్సిడీ తిన్నవాళ్లే..

1973లో ఐరోపా కూటమిలో చేరాక బాగా లాభపడింది ఐర్లాండ్ రైతే. కూటమి ఉమ్మడి వ్యవసాయ విధానం కింద ధరకు భరోసా, తర్వాత నేరుగా డబ్బు అందాయి. 2005 నుంచి ఎన్ని పశువులున్నాయన్న దానితో నిమిత్తం లేకుండా, పాత లెక్కల ఆధారంగా ఏటా సొమ్ము ఇస్తూ వచ్చారు. అలాంటి వాళ్లు ఐరోపాకు ఎదురు తిరుగుతారని ప్రభుత్వం అనుకోలేదు.

లిస్బన్ ఒప్పందానికీ, మాంసం సుంకాలకూ నేరుగా లంకె లేదు. లంకె పెట్టింది ఐర్లాండ్ రైతు సంఘమే. దాని అధ్యక్షుడు పాడ్రిగ్ వాల్ష్ డిమాండ్ సూటిగా ఉంది. చెడ్డ వాణిజ్య ఒప్పందం వస్తే వీటో చేస్తామని ప్రధాని మాటివ్వాలి. లేదంటే ‘అవును’ అనమని రైతులకు చెప్పేది లేదు.

మే 7న ప్రధాని అయిన బ్రయాన్ కోవెన్ కొన్నాళ్లు దాటవేశారు. చివరకు జూన్ 3న తలొగ్గారు. అవసరమైతే వీటో వాడతామన్నారు. ఆ వెంటనే సంఘం ‘అవును’కు ఓటేయమని పిలుపిచ్చింది. పోలింగ్‌కు మిగిలింది తొమ్మిది రోజులే.

జనం ‘వద్దు’ అన్నారు

జూన్ 12న ఓటింగ్. 53.4 శాతం ‘వద్దు’, 46.6 శాతం ‘అవును’. 43 నియోజకవర్గాల్లో పదే ఒప్పుకున్నాయి. పల్లెలున్న చాలా నియోజకవర్గాలూ కాదన్నాయి. ఒప్పందం అర్థం కాలేదన్నవాళ్లు కొందరు. దేశ తటస్థత పోతుందన్నవాళ్లు, ఐరోపా కమిషన్‌లో తమ సభ్యుడు ఉండడన్నవాళ్లు మరికొందరు. నెలల తరబడి అనుమానం నాటి, ఆఖరి వారంలో పీకేయమంటే వేళ్లు ఊడిరాలేదు.

తర్వాత వీటీపై ఐరోపా నుంచి ప్రభుత్వం హామీలు తెచ్చుకుంది. ఈలోగా ఆర్థిక సంక్షోభమూ ముంచుకొచ్చింది. 2009 అక్టోబర్ 2న మళ్లీ ఓటింగ్ పెడితే 67.1 శాతం ‘అవును’ అన్నారు. ఆ డిసెంబర్ 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

గండం గట్టెక్కింది జెనీవాలో

మరి వీటో? దాన్ని వాడే అవసరమే రాలేదు. 2008 జులై 29న జెనీవాలో వాణిజ్య చర్చలు కుప్పకూలాయి. అక్కడ పట్టు వీడనిది ఐర్లాండ్ కాదు, భారత్. దిగుమతులు 10 శాతం పెరిగితేనే అదనపు సుంకం వేసే హక్కు కావాలని అప్పటి వాణిజ్య మంత్రి కమల్‌నాథ్, ఇతర వర్ధమాన దేశాలు కోరితే, చర్చల్లో పెట్టిన ముసాయిదా 40 శాతం దాకా ఆగమంది. అమెరికా తగ్గలేదు, భారత్ తగ్గలేదు.

సింధనూరు, గంగావతి క్యాంపుల్లో వరి వేసే తెలుగు రైతుకూ, బళ్లారి పత్తి రైతుకూ ఆ చర్చల్లో వాటా ఉంది. బయటి సరుకు వెల్లువెత్తితే గేటు వేసే అధికారం కావాలన్నదే అక్కడా ఇక్కడా రైతు కోరిక. కానీ ఆ ఐర్లాండ్ రైతుకు అందే ఐరోపా సబ్సిడీలు తగ్గాలన్నది కూడా భారత్ వాదనే. కోరిక ఒకటైనా ఇద్దరూ ఒక పక్షం కాదు.

హామీ కోసం డబ్లిన్‌లో అంత పట్టుబట్టిన రైతులకు ఆ ఏడాది గండం తప్పింది వాళ్ల ప్రధాని మాటతో కాదు.. తమ ఓటు లేని ఢిల్లీ పట్టుదలతో!