మూలికలకు పట్టే బూజు – కంటికి కనిపించని విషం

వానాకాలం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల వెలగదు. వంటింటి గట్టు మీది డబ్బాలో ఉన్న కరక్కాయలు, శొంఠి కొమ్ములు, త్రిఫల చూర్ణం కూడా ఆ చెమ్మనే పీల్చుకుంటాయి. ఒకరోజు మూత తీసి చూస్తే తెల్లగానో పచ్చగానో నూగులా కనిపిస్తుంది. తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ డబ్బాలో పోసుకుంటాం. ఇదివరకు మా ఇళ్ళలోనూ అంతే చేసేవారు.

బూజుని తుడవవచ్చు గాని అది వదిలిన విషాన్ని తుడవలేము. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ వంటి బూజులు కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ప్రతి బూజూ చేయదు. అలాగని బూజు కనిపించని పొడిలో విషం లేదని చెప్పడానికీ లేదు, ఎందుకంటే బూజు పట్టిన కాయని దంచి జల్లిస్తే బూజు మాయమవుతుంది, విషం ఉండిపోతుంది. రంగు, వాసన, రుచి వల్ల తెలియదు. కషాయం కాచినా మరిగే నీటి వేడికి అది దాదాపు చెక్కుచెదరదు. అది దెబ్బతీసేది కాలేయాన్ని. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి లోపలికి వెళితే కాలేయ క్యాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం నిర్ధారించి, మొదటి వర్గంలో చేర్చింది.

ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడితే ఏమవుతుందో 1974లో మన దేశమే చూసింది. రాజస్థాన్, గుజరాత్‌లలోని గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మందికి కామెర్లు వచ్చాయి, పొట్ట ఉబ్బింది. 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. దీని మూలాన్ని పరిశోధించి చెప్పినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

మూలికల సంగతికి వస్తే, 1988లో బీహారులోని భాగల్పూరు విశ్వవిద్యాలయం వారు నిలవ ఉన్న మందు దినుసులు 15 నమూనాలు పరీక్షించగా 14 నమూనాల్లో ఈ విషం దొరికింది. ఇందులో ఆశ్చర్యం లేదు. మన రంపచోడవరం, మారేడుమిల్లి మన్యంలో కరక్కాయలు ఏరేవారు వాటిని నేల మీదే ఆరబోస్తారు. సంతకు వెళ్ళినా, గిరిజన సహకార సంస్థకు అమ్మినా, అక్కడినుండి గోదాము, లారీ, టోకు కొట్టు, దంచే మిల్లు దాటి మన పొట్లంలోకి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఎక్కడ సరిగా ఆరకపోయినా, ఎక్కడ తడిసినా బూజుకి అవకాశమే. పెరట్లో అప్పటికప్పుడు కోసిన తులసికి, నేల ఉసిరికి ఈ బెడద లేదు. ఎండబెట్టి నిలవ చేసిన వేళ్ళు, కాయలు, గింజలతోనే చిక్కు.

"మన ల్యాబులో చూడకూడదా?" అని కొందరు అడుగుతున్నారు. మన ల్యాబు రక్తం, మూత్రం చూడగలదు గాని దీనికి వేరే పరికరాలు కావాలి. యూరపు ఫార్మకోపియా ప్రకారం కిలో మూలికలో అఫ్లాటాక్సిన్ బి1 రెండు మైక్రోగ్రాములు మించకూడదు. పది టన్నుల లారీలు 50 వరుసగా నిలబెట్టి, ఆ సరుకంతటిలో ఒక్క గ్రాము వెదకడం వంటిది ఇది! మన ఆయుర్వేద ఫార్మకోపియాలోనూ ఈ పరీక్ష ఉంది.

అన్నిటికన్నా కష్టం నమూనా తీయడం. విషం సరుకంతా సమంగా ఉండదు. పైన తీసిన గుప్పెడు శుభ్రంగా ఉండి, బస్తా అడుగున నాలుగు కాయల్లోనే ఉండవచ్చు. అందుకే చాలా బస్తాల నుండి, పైనా మధ్యా అడుగునా తీసి, అంతా పొడిచేసి కలిపి, అందులోంచి కొంచెం పరీక్షకు తీసుకుంటారు. మిథనాల్ కలిపిన నీటితో విషాన్ని బయటికి లాగుతారు. మూలికలకు సొంత రంగు, వగరు ఉండడం వల్ల పరీక్ష తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ విషాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలున్న చిన్న గొట్టం గుండా వడకట్టి, ఆ తర్వాత హెచ్.పి.ఎల్.సి. యంత్రంలో కొలుస్తారు. అల్ట్రావయొలెట్ కాంతిలో ఒక రకం నీలంగా, మరొకటి ఆకుపచ్చగా మెరుస్తాయి. వాటికి బి, జి అనే పేర్లు అలా వచ్చినవే.

ఎలీసా అంటే మనకు హెచ్.ఐ.వి. పరీక్ష గుర్తుకొస్తుంది. అదే పద్ధతిని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ కోసం తక్కువ ఖర్చులో తయారుచేశారు. ఇందులో విషం ఎక్కువైతే రంగు తగ్గుతుంది. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబు మిరప వంటి సుగంధ ద్రవ్యాలకు ఈ విషం పరీక్ష చేస్తుంది. ఎగుమతి సరుకుకు ఇంత పరీక్ష ఉంది. మనం వీధి కొట్లో కొనే విడి పొడికి ఎవరు చేస్తున్నారు? నాకైతే ఇది న్యాయంగా కనబడదు. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, లైసెన్సు నంబరు లేని చూర్ణం కొనకండి. పొడి కంటే కాయ, కొమ్ము కొనడం మేలు, విరిచి లోపల చూడవచ్చు. తడి చెంచా పెట్టకండి. వానాకాలానికి సరిపడా ఒకేసారి కొని పెట్టుకోకండి. బూజు పడితే ఆ డబ్బా అంతా పారవేయండి. గేదెకు పెట్టవద్దు, ఆ విషం పాలలోకి వస్తుంది.

ముఖ్యంగా హెపటైటిస్ బి ఉన్నవారు జాగ్రత్త పడాలి. వారిలో ఈ విషం కాలేయ క్యాన్సరు తెచ్చే శక్తి సుమారు 30 రెట్లు ఎక్కువని 1998లో అంతర్జాతీయ నిపుణుల సంఘం అంచనా వేసింది. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించమని మా సిస్టర్లు పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. కామెర్లతో వార్డులో చేరినవారిని ఏ మందులు వాడుతున్నారని అడిగితే చూర్ణాల పేరు చెప్పరు. "అది మందు కాదు సిస్టరుగారూ, ఉత్త ఆకు పొడి" అంటారు. ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ పొట్లం కూడా సంచిలో వేసుకుని రండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఎవరూ కోప్పడరు. ఎన్నాళ్ళుగా వాడుతున్నారో చెబితే కేసు షీటులో రాసి డాక్టరుగారికి చూపిస్తాము.