కాలినడకన జార్జిటౌను

చెన్నపట్నము చూచి వచ్చితిమని చెప్పు మనవారు సాధారణముగా సముద్రతీరమును, మైలాపూరు గుడిని పేర్కొందురు. జార్జిటౌను మాట యెత్తినచో, ఆ సందులలో ఊపిరాడదని ముగింతురు. ఆ మాట నిజమే. అయినను ఈ మహానగరము పెరిగిన తీరు తెలియవలెనన్న ఆ సందులలోనే తెలియవలెను. అందు తెలుగువారి పాలు ఎంత గలదో బండిలో పోవువానికి కనబడదు, నడచువానికే కనబడును.

ముందుగా పారీసు మూలకు పొండు. అచ్చట 1940లో కట్టిన డేర్ హౌసు చెంత పొట్టి రాతిస్తంభ మొకటి గలదు. నేను మొదటిసారి వెదకినపుడు దాని ముందునుండియే రెండుమారులు పోయి కూడ గుర్తింపలేకపోతిని. ఈ స్తంభము తెలిసినచో తక్కినది తెలిసినట్లే. 1746లో ఫ్రెంచివారు సెయింటు జార్జి కోటను పట్టుకొనిరి. 1749లో అది మరల ఆంగ్లేయుల వశమైనది. కోట కుత్తరముగా, గోడల కానుకొని యుండిన పాత పేట శత్రువునకు మరుగగుచున్నదని తలచి, ఫ్రెంచివారు కొంతయు ఆంగ్లేయులు కడమయు పడగొట్టిరి. ఫిరంగిగుండ్ల కడ్డు లేకుండ ఆ చోటు బయలుగా నుంచి, 1773లో దాని యెల్లలకు 13 స్తంభములు పాతించిరి. వీనికి ఉత్తరముననే ఇండ్లు కట్టుకొనవలెను. నేడు మిగిలినది ఈ యొక్క స్తంభమే. ఇండ్లు పోయినవారు ఉత్తరమునకు జరిగి కట్టుకొన్న ఊరే, 1906లో యువరాజుగా వచ్చిన జార్జి పేర జార్జిటౌనైనది.

దక్షిణముగా ఆ బయలులో 1892లో వెలసిన హైకోర్టు కనబడును. 17వ శతాబ్దమున బేరి తిమ్మన్న పోషించిన పట్టణపు పాత గుడి ఆ తావుననే యుండెడిది. అదియు కూలగొట్టబడి, పూలబజారు చెంత చెన్నకేశవ, చెన్నమల్లీశ్వరుల జంటగుళ్లుగా మరల లేచినది. 1639లో ఆంగ్లేయులకు ఈ నేల నిచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుని తండ్రి చెన్నప్ప. ఆయన పేరే పట్టణమునకు నిలిచినది.

బయలు నంటి పడమరకు పోవు దారి పూర్వము ఎస్ప్లనేడు, ఇపుడు నేతాజీ సుభాష్ చంద్రబోసు రోడ్డు. పాత తెలుగు పుస్తకముల అట్టలపై వావిళ్లవారి '292, ఎస్ప్లనేడు' అను చిరునామా చదివినవారు మనలో ఎందరో గలరు. అది ఫిరంగుల బయలు పేరని ఎందరెరుగుదురు? కుడిచేతివైపున వరుసగా లింగిశెట్టి, తంబుశెట్టి, ఆర్మేనియను వీధులు ఉత్తరముగా సాగును. 1914 నుండి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికకు తంబుశెట్టి వీధియే నెలవు. ఆ వీధిలో తలయెత్తి నడువుడు. క్రింద దుకాణపు బల్లలు మూసివేసినను, పై అంతస్తుల పాత కిటికీలు, వరండాలు ఇంకను అచ్చటచ్చట నున్నవి. ఏటేట కొన్ని పోవుచున్నవి గనుక, చూడదలచినవారు ఆలస్యము చేయరాదు.

తరువాత బ్రాడ్వే. తూర్పున ముత్యాలపేట, పడమట పెద్దనాయకనిపేట. రెంటి నడుమ నీరు నిలుచు పల్లమే ఈ వీధియైనది. 18వ శతాబ్దాంతమున స్టీఫెన్ పోఫామను న్యాయవాది దీనిని పూడ్పించి బాట చేసెను. గట్టివాన కురిసిన దినమున చూడుడు, నీరు తన పాత చోటును మరువలేదు! ఇపుడీ వీధి పేరు ప్రకాశం శాలై. 1928 ఫిబ్రవరి 3న సైమను కమీషను రాకను నిరసించుచు, ఈ ప్రాంతముననే టంగుటూరి ప్రకాశము పంతులుగారు తుపాకి కెదురుగా రొమ్ము చూపిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి ఆయనయే. చెన్నపట్నము మాత్రము ఆ రాష్ట్రమునకు దక్కలేదు. అట్లయ్యును ఆయన పేరు తమిళనాటి రాజధాని నడిబొడ్డున నిలిచి, దినమునకు వేలమంది నోట నలుగుచున్నది.

బ్రాడ్వే దాటినచో వర్తకుల రాజ్యమే. గోడౌను వీధిలో బట్టల మూటలు మోయు హమాలీలకు త్రోవ యిచ్చుట నేర్వవలెను. వారు ఆగరు, ఆగలేరు. కొత్వాలు చావడి కూరగాయల బేరము 1996లో కోయంబేడునకు తరలిపోయినది. దాని చెంత కన్యకాపరమేశ్వరి ఆలయము మాత్రము కదలలేదు. టంకసాల వీధికి చేరునప్పటికి తెలుగు, తమిళములతోపాటు గుజరాతీ, మార్వాడీ మాటలును చెవిని బడును.

ఒక్కమాట. రెండుమారులు పోవలెను. ఆదివారము ప్రొద్దున నైన కట్టడములు చూడవచ్చును. పనిదినమున నైన మనుష్యులను చూడవచ్చును. ఒక్కదినమున రెండును చూడబోయి నేను రెంటికిని చెడితిని.

పడమటి యెల్ల వాల్‌టాక్సు రోడ్డు. 1769లో హైదరాలీ సేన పట్టణపు టంచులకు వచ్చిన భయముచే పేటచుట్టు గోడ కట్టి, దాని ఖర్చునకు జనులపై పన్ను వేయ దలచిరి. గోడ చాలవరకు పోయినది, పన్ను పేరు మిగిలినది. ఆ రోడ్డున దక్షిణముగా నడచిన సెంట్రలు స్టేషను వచ్చును. తెలుగుదేశమునకు పోవు బండ్లు పెక్కు అచ్చటనే బయలుదేరును.